మూడో వద్దు

నాగాయలంక,
జూన్.

చిరంజీవి హాసినికి,

మీ ఇస్సాకు మాస్టారు ఆశీర్వదించి రాయునది. ప్రభువు కృప వల్ల నేనూ జ్ఞానమ్మా క్షేమంగా ఉన్నాం. కంప్యూటరు క్షేమంగా లేదు.

నువ్వూ నీ మిత్రులూ జీతం లేకుండా తయారుచేసి జనానికి ఊరికే పంచిపెడుతున్న ‘పాయ’ ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగో కూర్పు, బీటా, నా పాత లాప్‌టాప్‌లో వేశాను. బీటా అంటే అసలు విడుదలకు ముందు మాలాంటివాళ్ళ మీద ప్రయోగించి చూసేదని నువ్వే చెప్పావు. ప్రయోగం జరిగింది. తప్పులేమైనా కనబడితే మీ వెబ్‌సైటులో రాయమన్నావు. మొదటి తప్పు, వైఫై పనిచెయ్యడం లేదు. వైఫై పనిచెయ్యడం లేదని వెబ్‌సైటులో రాయాలంటే వైఫై కావాలి. అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి ఇన్‌లాండ్ కవరు అడిగాను. అక్కడున్న పిల్ల లేచి నిలబడి మరీ నన్ను చూసింది.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. బందరు హైస్కూల్లో నేను లెక్కలు చెప్పిన రోజుల్నించీ చూస్తున్నాను, నువ్వు “మాస్టారండీ” అనగానే నా కోపం సగం పోతుంది. కాగితం మీదైతే నిలుస్తుంది.

ఇక రెండో తప్పు. సిస్టమ్ వేసేటప్పుడు, “ఆటలు కూడా వేయమంటారా అండీ?” అని అడిగింది. ‘వద్దు’ నొక్కాను. “అయ్యో, అలా అంటే ఎలాగండీ, కొద్దిగా వేయించుకోండి” అంది. మళ్ళీ వద్దు నొక్కాను. “మీరు మరీ మొహమాటపడుతున్నారు” అంది. వేలు నొప్పి పుట్టేలా మూడోసారి వద్దు నొక్కాను. “హమ్మయ్య, మా మాట కాదనలేదు” అని, ఉన్న ఆటలన్నీ వేసేసింది. ఇప్పుడు నా కంప్యూటర్లో పేకాట ఉంది. నేను సంఘంలో పెద్దను హాసినీ.

ఒక పాత ఫైలు తీసెయ్యమంటే, “ఉండనివ్వండి, మిమ్మల్నేం అడిగింది పాపం” అంటుంది. కంప్యూటరు ఆపబోతే, “అప్పుడేనా? కాసేపు కూర్చోండి” అంటుంది. మొన్న బ్యాటరీ అయిపోయేదాకా కూర్చున్నాను. నేను విసుక్కుంటుంటే జ్ఞానమ్మ, “దాన్నేమీ అనమాకండి, మీకంటే మర్యాదగా మాట్లాడుతోంది” అంటోంది. ఇంట్లో నాకు బలం లేదు. వెంటనే సరిచెయ్యగలవు.

ఇట్లు,
ఇస్సాకు


మచిలీపట్నం,
జూన్ చివర.

పూజ్యులైన ఇస్సాకు మాస్టారికి,

హాసిని నమస్కరించి రాయునది. మీ ఉత్తరం మా కాలేజీ అడ్రసుకు వచ్చింది. స్టాఫ్ రూములో అందరూ ఏదో కోర్టు నోటీసనుకున్నారు. నేను ఉత్తరం రాసి చాలా కాలమైంది, తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దకండి.

మీరు రాసిన రెండో తప్పు మాకు తెలుసండీ. కాకపోతే అది తప్పు కాదు, కావాలనే పెట్టాం. దాని పేరు ‘మర్యాద’. పాయలో తెలుగు మాటలన్నీ రాసింది మా ధర్మారావు మావయ్య, అమ్మకు సొంత అన్నయ్య. గుడివాడలో ఫంక్షన్ హాలు ఉంది. పెళ్ళి వడ్డనలన్నీ దగ్గరుండి చూసుకునే మనిషి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నవాడికి వడ్డించకపోతే ఇంటి పరువు పోతుందని ఆయన నమ్మకం. మొదటి వద్దు మొహమాటం, రెండోది మరీ మొహమాటం, మూడోది సరే. మాటలు రాయమంటే ఆ లెక్క కూడా రాసి, కోడు రాసే కుర్రాళ్ళతో పెట్టించారు. ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి దింపితే అది తెలుగు కంప్యూటరు ఎలా అవుతుందని ఆయన వాదన.

దాన్ని తీసేద్దామని నేను ఆయనతో అనలేను. పాయ మొదలుపెట్టినప్పుడు మాకు కూర్చోవడానికి చోటు లేదు. హాల్లో గుండిగలు పెట్టే గది ఖాళీ చేయించి మా సర్వరుకు ఇచ్చారు. జనరేటరు ఇచ్చారు. ఒక వేలితో కొడుతూ వేల మాటలు టైపు చేశారు. ఆయన లేకపోతే పాయ లేదు. ఆయనంటే నాకు ప్రాణం. అదే చిక్కు.

వైఫై సంగతి వేరు. అది తెలిసినవాడు మాలో ఒక్కడే, మావయ్య కొడుకు కృష్ణచైతన్య. మేం పోగేసిన పాత లాప్‌టాప్‌లన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. బావ రూటరు దగ్గర, నేను లాప్‌టాప్‌ దగ్గర కూర్చుని పొద్దంతా చూస్తే బాగుపడుతుంది. కూర్చోవడం కుదరడం లేదు. ఇంట్లో మా ఇద్దరికీ పెళ్ళి చెయ్యాలని మాటలు నడుస్తున్నాయి లెండి. నేను వద్దన్నాను. బావ కూడా వద్దన్నాడు. కాబట్టి అందులో ఏమీ లేదు.

జ్ఞానమ్మ గారికి నా నమస్కారాలు.

మీ శిష్యురాలు,
హాసిని


నాగాయలంక,
జూలై.

చిరంజీవి హాసినికి,

నీ ఉత్తరంలో తప్పులు లేవు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం నా పెన్ను ఆగింది. ‘నేను వద్దన్నాను, బావ కూడా వద్దన్నాడు, కాబట్టి అందులో ఏమీ లేదు’ అని రాశావు. మీ మావయ్యగారి లెక్క నాకు వివరించిన పేరా కిందనే ఈ వాక్యం రాశావు. రెండూ కలిపి ఇంకోసారి చదువుకో.

ఇక్కడ ఇంకో ఉపద్రవం జరిగింది. మా చర్చిలో పాటల మాటలు తెర మీద వేసేది నా లాప్‌టాప్‌తోనే. మొన్న ఆదివారం మొదటి పాట అయింది. “ఇంకో పాట వడ్డించమంటారా అండీ?” అని తెర మీద పడింది. అందరూ చూశారు. వద్దు నొక్కాను. “కొంచెం, ఒక్క పాట” అంది. వద్దు. “మీరు అసలేమీ పాడలేదు” అంది. వద్దు. ఇంకో పాట వేసింది. జనం లేచి పాడారు. అది అయ్యాక మళ్ళీ అడిగింది.

మా పాస్టరు కిరణ్ కుమార్ గారు వాక్యం చెప్పడానికి రెండుసార్లు పుల్పిట్ దాకా వచ్చి రెండుసార్లూ వెనక్కు వెళ్ళి కూర్చున్నారు. మొదట్లో ఆయన ఇది ఆత్మ ప్రేరణేమో అనుకున్నారట. ఆ తర్వాత నా వైపు చూడటం మొదలుపెట్టారు. చివరికి కరెంటు పోతే ఆరాధన ముగిసింది. ఇంతకాలానికి ఇంత మంచి ఆరాధన జరిగిందని సంఘమంతా నాకు చేతులు కలిపి వెళ్ళారు. ప్రసంగం లేకపోవడం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. పాస్టరుగారు అది గమనించారు. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

నేను వద్దన్నది వద్దని ఎవరికి చెప్పుకోవాలి? పేకాట కూడా అలాగే ఉంది. జ్ఞానమ్మ ఆడుతోంది.

వైఫై సంగతి చూడు. నీ సంగతి కూడా చూసుకో.

ఇట్లు,
ఇస్సాకు


మచిలీపట్నం,
జూలై చివర.

పూజ్యులైన మాస్టారికి,

పాస్టరుగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

ఆదివారం వైఫై పని మీద గుడివాడ వెళ్ళాను. మీతో చెప్పాలనుకోలేదు కానీ, చెప్పకపోతే వైఫై ఎందుకు రాలేదో మీకు అర్థం కాదు. బావ గదిలో ఆ మూల రూటరు పట్టుకున్నాడు. నేను ఈ మూల లాప్‌టాప్‌ తెరిచాను. అది స్టార్ట్ అయ్యేలోపే ఇందిరత్తయ్య బొబ్బట్లు పట్టుకొచ్చింది. “తినండి, తినండి, నేనేం చూడలేదు” అని తలుపు దగ్గరకు వేసి వెళ్ళింది. ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది మాస్టారండీ. గుండిగలు అడ్డం ఉండి అసలు మూసుకోదు. ఆ రోజు గుండిగలు బయట పెట్టించి మరీ మూశారు.

కాసేపటికి సాత్విక్ అని ఫోటోగ్రాఫరు, హాల్లో ఎవరిదో ఓణీల ఫంక్షనుకు వచ్చినవాడు, లైటుతో సహా లోపలికి వచ్చాడు. “ఇద్దరూ కంప్యూటర్ వంక కాదండీ, ఒకళ్ళనొకళ్ళు చూసుకోండి” అన్నాడు. బావ రూటరు అక్కడే పడేసి మేడెక్కిపోయాడు. “చూశారా, మావాడికి ఎంత సిగ్గో” అంది అత్తయ్య. నేను బయటికి వచ్చి, “నాకు ఈ పెళ్ళి వద్దు మావయ్యా” అని సూటిగానే అన్నాను. మావయ్య నా తల మీద చెయ్యి వేసి, “మొదట అందరూ అంతేనమ్మా, మీ అత్తయ్య ఏడ్చింది కూడా” అన్నారు. అత్తయ్య అవునని తల ఊపింది.

మా పరిస్థితి ఇదీ. మేమిద్దరం ఒక గదిలో కూర్చోకపోతే వైఫై బాగుపడదు. మేమిద్దరం ఒక గదిలో కూర్చుంటే పెళ్ళి ఖాయమైపోతుంది.

బావ చెడ్డవాడు కాదండీ. నాకు పెళ్ళంటే కోపం కూడా లేదు. చిన్నప్పట్నించీ ఒక చాప మీద పడుకుని పెరిగాం. ఆ మనిషితో కాపురం అనుకుంటే నవ్వు వస్తుంది, నవ్వు అయ్యాక భయం వేస్తుంది. అతనికీ అంతే. ఇదే మాట మావయ్యకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆషాఢం కదా, ప్రస్తుతానికి ఏ ముహూర్తాలూ లేవు. అదొక్కటే ధైర్యం.

మీ శిష్యురాలు,
హాసిని


గుడివాడ,
ఆగస్టు, శ్రావణం.

మహారాజశ్రీ ఇస్సాకు మాస్టారి దివ్య సముఖమునకు,

గుడివాడ నుండి ధర్మారావు అనేక నమస్కారములు చేసి వ్రాయు విన్నపములు. తమను నేను కళ్ళతో చూడలేదు గానీ, మా హాసినికి లెక్కలు నేర్పిన చేతులకు దూరం నుంచే దణ్ణం పెట్టుకుంటూ ఉంటాను.

ఈ శ్రావణంలో వచ్చే మంచి ఆదివారం నాడు మా హాల్లో పాయ నాలుగో కూర్పు విడుదల మహోత్సవం. అదే ముహూర్తానికి, అదే వేదిక మీద, చిరంజీవి హాసినికీ మా అబ్బాయి కృష్ణచైతన్యకూ నిశ్చయ తాంబూలాలు. వంటవాళ్ళు ఎలాగూ వస్తారు, మేళం ఎలాగూ వస్తుంది, రెండూ విడివిడిగా ఎందుకని కలిపేశాం. ముందు కంప్యూటరు, వెనకనే తాంబూలాలు. రెండింటికీ తమరే ముఖ్య అతిథి. ఫ్లెక్సీ మీద తమ ఫోటో వేయించాం. చర్చి వెబ్‌సైటులో దొరికింది. తమరు అందులో కొంచెం కోపంగా ఉన్నారు, మావాళ్ళు సరిచేశారు.

తమరు రానని అంటారు. తెలుసు. తమవంటి పెద్దలు పిలవగానే వస్తామంటే పెద్దరికం ఏముంటుంది? చర్చి అయ్యాకనే కారు వస్తుంది. ఎక్కేయడమే.

పాయలో ‘మర్యాద’ గురించి తమరు అమ్మాయికి ప్రత్యేకంగా ఉత్తరం రాశారట. అమ్మాయి చెప్పబోయి సిగ్గుతో ఆగిపోయింది. ఇంత మెచ్చుకోలుకు నేను తగను.

ఇట్లు విధేయుడు,
ధర్మారావు


నాగాయలంక,
ఆగస్టు.

హాసినికి,

మీ మావయ్యగారి ఉత్తరం వచ్చింది. నిశ్చయ తాంబూలాలు అని ఉంది. నువ్వు ఒప్పుకున్నావా? ఒప్పుకుంటే సంతోషం, వచ్చి దీవిస్తాను. లేకపోతే అది కూడా రాయి. ఒక్క ముక్కలో జవాబు కావాలి.

ఇస్సాకు


మచిలీపట్నం,
ఆగస్టు.

మాస్టారండీ,

లేదు.

ఒక్క ముక్క అడిగారు, రాశాను. ఇంకొంచెం రాస్తాను, క్షమించండి.

మొదటిసారి వద్దన్నది అమ్మతో. “ఆడపిల్ల వెంటనే సరే అంటే బాగుండదులే” అని సంతోషించింది. రెండోసారి గుండిగల గది బయట మావయ్యతో. అది మీకు రాశాను. మూడోసారి మొన్న, అత్తయ్య చీరలు పట్టుకుని బందరు వచ్చినప్పుడు. అరిచినట్టే అన్నాను. పక్కింటివాళ్ళు తొంగిచూశారు. అత్తయ్య ఒక్క క్షణం నా మొహం చూసి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, “హమ్మయ్య, మా మాట కాదనలేదు” అని నన్ను దగ్గరకు తీసుకుంది.

మా పద్ధతిలో మూడో వద్దు అంటే సరే అని అర్థం. అక్కడితో లెక్క అయిపోయింది. నాలుగో వద్దు అనేది ఒకటి ఉంటుందని వాళ్ళెవరికీ తెలియదు. కోడులో కూడా లేదు, వెతికి చూశాను.

బావ నాలుగు రోజులు అన్నం మానేశాడు. “బెంగ పెట్టుకున్నాడు, ముహూర్తం ముందుకు జరపండి” అన్నారట ఇంట్లోవాళ్ళు.

విడుదల ఆపేద్దామా అనుకున్నాను. ఎక్కడెక్కడివాళ్ళో ఏడాదిగా చేసిన పని అది. నా పెళ్ళి కోసం ఆపే హక్కు నాకు లేదు. నాకు ఏడుపు వస్తోంది మాస్టారండీ. మళ్ళీ మావయ్య ఫోన్ చేసి, “ఫ్లెక్సీలో నీ పేరు పక్కన ‘సారథి’ అని వేయిస్తున్నానమ్మా” అంటే నవ్వుతూ సరేనంటున్నాను.

హాసిని


నాగాయలంక,
ఆగస్టు.

చిరంజీవి హాసినికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జ్ఞానమ్మకు కూడా వినిపించాను. పేకాట మధ్యలో ఆపి విన్నది.

నేను రానని మీ మావయ్యగారికి రాశాను. అది అందిన రోజే నరసింహం అనే డ్రైవరు కారు వేసుకుని వచ్చాడు. వేడుక ఇంకా ముందుంది, దారి చూసుకుని పోదామని వచ్చాడట. నేను రావడం లేదని అతనితోనూ చెప్పాను. “అలాగేనండీ, ఆ రోజు ముందు సీటా, వెనక సీటా?” అని అడిగాడు. జ్ఞానమ్మ అతనికి భోజనం పెట్టింది. అతను కూర వద్దన్న ప్రతిసారీ వేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఈ బగ్ మా ఇంట్లో కూడా ఉంది.

మీ పద్ధతి ప్రకారం తప్పును ఎలా రాయాలో నువ్వు మొదట్లో ఒక కాగితం ఇచ్చావు. దాని ప్రకారం రాస్తున్నాను. దీన్ని నమోదు చేసుకో.

తప్పు: వద్దు అంటే వద్దు అని తీసుకోవడం లేదు.
ఎంత తీవ్రం: ఇంతకంటే తీవ్రమైనది నా ఎరుకలో లేదు.
మళ్ళీ ఎలా చేసి చూడవచ్చు: ఎవరితోనైనా, దేన్నైనా వద్దని చూడండి.
ఏం జరగాలి: మొదటిసారికే ఆగిపోవాలి.
ఏం జరుగుతోంది: కారు వస్తోంది.

నీకు ధైర్యం చెప్పడానికి రాయడం లేదమ్మా. నా దగ్గర కూడా అది పెద్దగా లేదని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, పాస్టరుగారు ఎదురైతే వీధి మారుతున్నాను. మావయ్యను ఎదిరించమని కూడా అనను. ప్రేమగా చూసే మనిషిని ఎదిరించడం నాకు ఎన్నడూ చేతకాలేదు. ఒక్కటే అంటాను. నీ చేతిలో ఉన్నది కంప్యూటరు. ముందు దానికి నేర్పు. నువ్వు పంపిణీ చేసేది వేలమంది వాడుకుంటారు. వాళ్ళలో ఎవరో ఒక పిల్ల వద్దు నొక్కితే, కనీసం అదైనా వినాలి.

ఆశీస్సులతో,
ఇస్సాకు


మచిలీపట్నం,
ఆగస్టు చివర.

పూజ్యులైన మాస్టారికి,

దీంతోపాటు పంపిన పెన్‌డ్రైవ్‌లో పాయ నాలుగో కూర్పు ఉంది. బీటా కాదు, అసలుది. వైఫై పనిచేస్తుంది. ఎలా పనిచేసిందో చివర రాస్తాను.

మీరు రాసిన తప్పును నమోదు చేశాను. బావా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటూ సరిచేశాం. చిన్న పనే, మూడుసార్లు అడిగే ముక్క తీసేయడం. వద్దు నొక్కగానే ఏదో ఒక మాట అనాలి కదా, ఏమనాలి అని మాత్రం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి ‘సరేనండి’ అని పెట్టాం. పాయ మొత్తంలో మావయ్య రాయని మాట అదొక్కటే. సరిచేశానని మావయ్యకు చెప్పాలనే గుడివాడ వెళ్ళాను. ఆయన అరటి గెలలు కట్టిస్తున్నారు. “తర్వాత, తర్వాత” అన్నారు. తర్వాత రాలేదు.

ఆదివారం హాలు నిండిపోయింది. నందివాడ నుంచీ ముదినేపల్లి నుంచీ చుట్టాలు వచ్చారు. కారు ఖాళీగా వచ్చింది. ఫ్లెక్సీలో మీరు నవ్వుతున్నారు. వేదిక మీద ఒక పక్క ప్రొజెక్టరు, ఒక పక్క తాంబూలాల పళ్ళెం, మధ్యలో మా ఇద్దరికోసం ఎర్ర సోఫా. నాకు అత్తయ్య తెచ్చిన చీర కట్టారు. నేను కట్టించుకున్నాను. అంతకంటే ఏం చెయ్యగలిగానో నాకు తెలియదు.

ప్రతి విడుదలకూ మాకో ఆచారం ఉందండీ. పని చేసినవాళ్ళందరినీ కంప్యూటరు పేరు పేరునా, ‘మీ పేరు వేయమంటారా అండీ?’ అని తెర మీద అడుగుతుంది. అందరూ అయ్యాక మావయ్య వంతు. ఆయన ఎప్పుడూ వద్దనే నొక్కుతారు. అది బతిమాలుతుంది. మళ్ళీ వద్దంటారు. జనం ఈలలు వేస్తారు. మూడో వద్దుకు ధర్మారావు అని పెద్ద అక్షరాలు తెరంతా పడతాయి, మేళం మోగుతుంది. ఏడాదంతా ఆయన దానికోసం ఎదురుచూస్తారు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఒట్టేసి చెబుతున్నాను, కోడు మార్చేటప్పుడు ఈ సంగతి నాకు తట్టనే లేదు.

మావయ్య పంచె సర్దుకుని వచ్చి మౌసు పట్టుకున్నారు. ‘మీ పేరు వేయమంటారా అండీ?’ అని పడింది. జనం వైపు చూసి నవ్వి, వద్దు నొక్కారు.

‘సరేనండి’ అని పడింది.

ఆ తర్వాత పేర్ల పట్టీ మొత్తం కింది నుంచి పైకి వెళ్ళింది. అందులో ఆయన పేరు లేదు. సన్నాయి వాయించేవాడు ఊదడానికి నోటి దాకా ఎత్తి, దించేశాడు. మావయ్య మౌసు వదల్లేదు. తెర వంకే చూస్తున్నారు. మళ్ళీ అడుగుతుందని నిలబడ్డారు మాస్టారండీ. హాలంతా ఆయనతోపాటు ఎదురుచూసింది. ఆ మనిషి మొహం అలా అవుతుందని తెలిస్తే చచ్చినా ఆ పని చేసేదాన్ని కాదు.

“అమ్మాయ్, ఇది మళ్ళీ అడగలేదేంటే?” అన్నారు.

“ఇంక అడగదు మావయ్యా.”

“నేను మొహమాటానికన్నానమ్మా.”

మైకు ఆయన చొక్కాకే ఉంది. వెనక వరస దాకా వినబడింది.

“నేను మొహమాటానికి అనలేదు మావయ్యా” అన్నాను.

అది కూడా మైకులో పడింది. బావ సోఫా వెనక నుంచి, “నేనూ అనలేదు నాన్నా” అన్నాడు. వాడు అప్పటిదాకా అక్కడ ఉన్నాడని ఎవరికీ తెలియదు.

మావయ్య నన్ను చూశారు. తర్వాత బావను చూశారు. వెళ్ళి మా కోసం వేసిన సోఫాలో ఒక్కరే కూర్చున్నారు. అమ్మ ఏదో అనబోతే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. చాలాసేపటికి లేచి, తాంబూలాల పళ్ళెం అత్తయ్య చేతికిచ్చి, “లోపల పెట్టు” అన్నారు. వంటవాళ్ళకు వడ్డించమని చెప్పారు.

ఆ భోజనాలు మీరు చూసి ఉండాల్సింది. మావయ్య వరసల మధ్య తిరిగారు గానీ, ఎవరినీ ఇంకొంచెం అనలేదు. ఆయన అనకపోయేసరికి వడ్డించేవాళ్ళూ అనలేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకు నిజంగానే వెయ్యలేదు. పెద్ద పెద్దవాళ్ళు చెయ్యి అలాగే పెట్టుకుని తలెత్తి చూస్తున్నారు, గరిటె ముందుకెళ్ళిపోతోంది. సగం మంది అర్ధాకలితో లేచారు. ముదినేపల్లి తాతయ్య ఒకాయన బయటికి వచ్చి హోటల్లో ఇడ్లీ తిన్నాడట.

ఇక చేసేదేమీ లేక, నేను ఆ చీరతోనే గుండిగల గదిలోకి వెళ్ళి లాప్‌టాప్‌ తెరిచాను. బావ వచ్చి రూటరు దగ్గర కూర్చున్నాడు. తలుపు తీసే ఉంది. బొబ్బట్లు రాలేదు, ఫోటోలు రాలేదు. సాయంత్రానికి వైఫై కలిసింది. మా ఇద్దరికీ కేక వెయ్యాలనిపించింది గానీ, హాల్లో అంత నిశ్శబ్దంగా ఉంటే నోరు రాలేదు.

తలెత్తితే మావయ్య గుమ్మంలో ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. లోపలికి వచ్చి ఒక గుండిగ బోర్లించి దాని మీద కూర్చున్నారు. పేర్ల పట్టీ తెరిచి ఆయన వైపు తిప్పాను.

“మావయ్యా, మీ పేరు వెయ్యనా?” అన్నాను.

ఆయన తెర చూశారు. “ఒక్కసారే అడుగుతావా?” అన్నారు.

“ఒక్కసారే.”

“వెయ్యమ్మా” అన్నారు.

మీ శిష్యురాలు,
హాసిని